ఈఈజీ రికార్డులు పాడవుతుంటే మెషిన్ మార్చే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయనగరంలో ముప్పై పడకల నర్సింగ్ హోం. 24 చానళ్ల ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాన్ని గీతలుగా తీసే పరీక్ష) మెషిన్ కొని ఐదు నెలలైంది, ఒక్కో చానల్ అంటే తెరమీద ఒక గీత. తీసిన రికార్డుల్లో చాలావాటిని విశాఖలో రిపోర్టు రాసే న్యూరాలజిస్టు ‘చదవడానికి వీల్లేదు’ అని తిప్పి పంపుతున్నారు. అమ్మిన కంపెనీ ఇంజినీరు వచ్చి చూసి మెషిన్‌లో తప్పేమీ లేదన్నాడు. ఇప్పుడు దీన్ని వదిలించుకుని 32 చానళ్లది కొనాలా అని అడుగుతున్నారు.

కొనకండి. మామూలు ఈఈజీకి తలమీద పెట్టేవి 19 ఎలక్ట్రోడ్లు (వైరు చివర ఉండే చిన్న లోహపు కప్పులు), చెవులకు రెండు, ఇవి కాక ఒక గ్రౌండ్, ఒక రిఫరెన్స్ (మిగతావాటిని పోల్చి కొలిచేది), ఈసీజీకి ఒక జత. గ్రౌండ్, రిఫరెన్స్ చానళ్ల లెక్కలోకి రావు, ఈసీజీ జతకు ఒక చానల్ చాలు, కాబట్టి 24 చానళ్లు దానికి సరిపోతాయి. ఇంకో ఎనిమిది చానళ్లు తెచ్చుకుంటే ఇప్పుడు వస్తున్న చెత్త ఇంకో ఎనిమిది గీతల్లో వస్తుంది, అంతే. ఆ డబ్బులో పదో వంతు ఎర్తింగు మీద, ఎలక్ట్రోడ్ల మీద, టెక్నీషియన్ శిక్షణ మీద పెడితే రికార్డులు బాగుపడతాయి.

ముందు మెషిన్ సంగతి తేల్చేయండి. పది నిమిషాల పని. ప్లాస్టిక్ గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి చెంచాడు ఉప్పు కలపండి. గ్రౌండ్, రిఫరెన్స్‌తో సహా ఎలక్ట్రోడ్ కప్పులన్నీ అందులో ముంచండి. కప్పులే మునగాలి, వైరు చివరి ప్లగ్గులకు తడి తగలకూడదు. రెండు మూడు నిమిషాలు కుదురుకోనిచ్చి రికార్డు పెట్టండి. అన్నీ ఒకే నీళ్లలో ఉన్నాయి కాబట్టి వాటి మధ్య వోల్టేజి తేడా ఉండదు, గీతలన్నీ దాదాపు తిన్నగా రావాలి. ఏదో ఒక ఎలక్ట్రోడ్ మాత్రమే కొట్టుకుంటుంటే దాని వైరు లోపల తెగి ఉండాలి, లేదా హెడ్‌బాక్సులో (వైర్లు గుచ్చే పెట్టెలో) ఆ పిన్ను తుప్పు పట్టి ఉండాలి. ఆ వైరును పక్క పిన్నులో గుచ్చి చూడండి. గోల వైరుతోపాటు కదిలితే వైరుది తప్పు, అక్కడే ఉండిపోతే హెడ్‌బాక్సుది. గీతలన్నీ తిన్నగా ఉంటే మెషిన్ నిర్దోషి. తప్పు గదిలో ఉంది, లేదా తలమీద ఉంది.

గది ఎందుకు అంత ముఖ్యమో చెబుతాను. నెత్తిమీద దొరికే మెదడు సంకేతం సాధారణంగా 20 నుంచి 100 మైక్రోవోల్టులు. ఈసీజీ అయితే మిల్లీవోల్టు దరిదాపుల్లో ఉంటుంది, అంటే పది రెట్లకు పైనే. గోడలో వైరు 230 వోల్టులు. మంచం మీద పడుకున్న మనిషి ఒళ్లు ఏరియల్‌లాగా ఆ 50 హెర్ట్జ్ హోరును పట్టేస్తుంది. యాంప్లిఫయరు చేసే పని తీసివేత: రెండు ఎలక్ట్రోడ్లలో ఉమ్మడిగా ఉన్నదాన్ని కొట్టేసి, తేడాను మాత్రమే పెద్దది చేస్తుంది. హోరు రెండిట్లోకీ సమానంగా వస్తేనే ఈ తీసివేత పనిచేస్తుంది. ఒక ఎలక్ట్రోడ్ ఇంపీడెన్సు (చర్మం దగ్గర కరెంటుకు ఎదురయ్యే అడ్డు) 2 కిలో ఓమ్‌లు, పక్కదానిది 25 ఉంటే హోరు రెండుచోట్ల రెండు రకాలుగా లోపలికొస్తుంది, యాంప్లిఫయరు దాన్ని మెదడు సంకేతమనుకుని పెంచి చూపిస్తుంది. అందుకే ‘అన్నీ 5 కిలో ఓమ్‌ల లోపు’ అని నేర్పిస్తారు. ఇప్పటి మెషిన్లలో 10 వరకూ నడుస్తుంది. అన్నీ 8 ఉన్నా బాగానే వస్తుంది, ఒకటి 2, ఇంకొకటి 20 ఉన్నప్పుడే చెడుతుంది. 100 ఓమ్‌ల కంటే తక్కువ చూపిస్తే మాత్రం సంతోషించకండి. అంటించే పేస్టు పారి రెండు ఎలక్ట్రోడ్లు కలిసిపోయాయని దానర్థం.

ఇక కరెంటు. నాచ్ ఫిల్టరు (50 హెర్ట్జ్ హోరును కోసేసేది) తీసేసి పది సెకన్లు చూడండి. హోరు ఒకే చానల్లో ఉంటే ఆ వరుస చివరి ఎలక్ట్రోడ్డు చూడండి. వరుసలో పక్కపక్క రెండు చానళ్లలో ఉంటే ఆ రెండింటికీ ఉమ్మడి ఎలక్ట్రోడ్డు చూడండి. అన్నింట్లో ఉంటే గ్రౌండ్, రిఫరెన్స్ మళ్లీ పెట్టండి. అవి బాగానే ఉండి హోరు తగ్గలేదంటే అప్పుడు గోడవైపు తిరగాలి. లాప్‌టాప్ చార్జరు సాకెట్‌లోంచి పీకేసి బ్యాటరీ మీద నడపండి. హోరు ఠక్కున పోతే చార్జరుకు ఎర్త్ అందడం లేదన్నమాట. తర్వాత ఒక్కొక్కటీ పీకండి: మోటారు మంచం, ఫోను చార్జరు, ట్యూబులైటు, పక్క గోడకు ఆనుకుని ఉన్న ఫ్రిజ్. స్విచ్ ఆపడం చాలదు, స్విచ్ ఆపినా వైరులో వోల్టేజి ఉండొచ్చు, ప్లగ్గు పీకాలి.

మల్టీమీటరుతో సాకెట్ చూడండి, ఈ పని ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఫేజుకు న్యూట్రలుకు మధ్య 230 దరిదాపు, ఫేజుకు ఎర్తుకు మధ్య కూడా అంతే, న్యూట్రలుకు ఎర్తుకు మధ్య రెండు వోల్టుల లోపు ఉంటే హాయి. ఫేజుకు ఎర్తుకు మధ్య 100, 120 అని తేలుతూ ఉంటే ఎర్త్ పిన్ను ఎక్కడికీ కలిసి లేదు. ఇల్లుగా కట్టి తర్వాత నర్సింగ్ హోంగా మార్చిన భవనాల్లో ఇది మామూలే. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. ఎర్త్ వైరు లాగడం బద్ధకమై సాకెట్‌లోనే న్యూట్రలును ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. మీటరులో న్యూట్రలుకు ఎర్తుకు మధ్య సున్నా వస్తుంది, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. ఎక్కడైనా న్యూట్రలు తెగిందా, మెషిన్ బాడీ మీదికి ఫేజు వచ్చేస్తుంది. రోగి ఒంటికి వైర్లు తగిలించే గదిలో ఇది ఒక్కరోజు కూడా ఉండకూడదు.

ఈఈజీ గదికి విడిగా ఒక ఎర్త్ లైను లాగించండి. ఎర్త్ గొయ్యి ఉన్నంత మాత్రాన సరిపోదు. భోగాపురం, పూసపాటిరేగ వైపు ఇసుక నేలల్లో వేసవి వస్తే గొయ్యి ఎండిపోయి ఎర్త్ నిరోధకత పెరిగిపోతుంది. ఉప్పుగాలికి పైన బిగించిన ఇనుప బోల్టు రెండు మూడేళ్లకే పొడిపొడి అవుతుంది. మార్చి నుంచి జూన్ దాకా గొయ్యిలో నీళ్లు పోయించండి, ఏడాదికోసారి బోల్టు విప్పి శుభ్రం చేయించండి. ఇన్వర్టరు మీద రికార్డు తీయకండి. ఇళ్లలో వాడే చవక ఇన్వర్టర్లు ఇచ్చేది చదరపు తరంగం, దానితోపాటు 150, 250 హెర్ట్జ్ చిల్లర కూడా వస్తుంది, నాచ్ ఫిల్టరు 50నే కోస్తుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఇచ్చే ఆన్‌లైన్ యూపీఎస్ ఒకటి కొని, దానికి ఈఈజీ ఒక్కటే తగిలించండి. బ్యాటరీ లాప్‌టాప్ ఉంటే అదింకా మేలు.

రోగికి గ్రౌండ్ ఒక్కటే ఉండాలి. ఐసీయూలో ఈసీజీ మానిటరు ఎలక్ట్రోడ్లు ముందే తగిలించి ఉంటాయి, మీరు ఇంకో గ్రౌండ్ పెట్టారంటే రెండు యంత్రాల మధ్య రోగి ఒంట్లోంచి కరెంటు పోయే దారి ఏర్పడుతుంది. హోరూ పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. మీ మెషిన్‌కు ఐసొలేటెడ్ ఇన్‌పుట్ (రోగి వైపు వైర్లను మెయిన్ కరెంటు నుంచి వేరుచేసే ఏర్పాటు) ఉందో లేదో మాన్యువల్లో చూసుకోండి. గ్రౌండ్ ఎలక్ట్రోడ్డును గోడలోని ఎర్తుకు మాత్రం ఎన్నడూ కలపకండి.

ఇంతవరకూ గది. కానీ పాడైన రికార్డుల్లో ఎక్కువ వాటికి కారణం తలే, ఇంకా చెప్పాలంటే నూనె. మన వైపు ఆసుపత్రికి బయల్దేరే ముందు తలకు కొబ్బరి నూనె రాసి, దువ్వి, బిగించి జడ వేసి పంపుతారు. అది మర్యాద. ఈఈజీకి అదే శత్రువు. అపాయింట్‌మెంటు చీటీ వెనక తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చువేయించండి: ముందురోజు రాత్రి షాంపూతోనో కుంకుడుకాయతోనో తలంటుకోవాలి, తర్వాత నూనె, జెల్, రంగు ఏవీ రాయకూడదు, తల ఆరాకే రావాలి, జడ వదులుగా ఉండాలి. చదువురాని వాళ్లకు రిసెప్షన్‌లో నోటితో రెండుసార్లు చెప్పాలి. నూనెతో వచ్చేస్తే అక్కడే తలంటించే ఏర్పాటు ఉండాలి, ఒక హెయిర్ డ్రయ్యరు కొని పెట్టుకోండి. వెనక్కి పంపితే సాలూరు నుంచి వచ్చినవాళ్లకు ఒకరోజు కూలి పోతుంది. సింహాచలంలోనో తిరుపతిలోనో గుండు చేయించుకుని వారం తిరక్కుండా వచ్చే రోగి మాత్రం టెక్నీషియన్‌కు పండగే.

స్పిరిట్ దూదితో నాలుగుసార్లు తుడిస్తే సరిపోదు. చర్మం పైపొర ఎండు పొట్టు, ఇంపీడెన్సంతా దానిదే. గరుకు రేణువులుండే స్కిన్ ప్రిపరేషన్ జెల్ చెవిపుల్ల చివర శనగగింజంత తీసుకుని, పాయ విడదీసి, చర్మం కాస్త ఎర్రబడేదాకా ఐదారు సార్లు రుద్దాలి, రక్తం రాకూడదు. రుద్దిన చోటు పైసా బిళ్ల కంటే చిన్నదిగా ఉండాలి. కప్పు నిండా కండక్టివ్ పేస్టు కొద్దిగా పైకి ఉబ్బేలా నింపి, అదే చోట అదిమి, పైన రెండు సెంటీమీటర్ల చదరపు గాజుగుడ్డ ముక్క పెట్టి నొక్కాలి. జుట్టున్న చోట టేపు నిలవదు, దానిమీద నమ్మకం పెట్టుకోకండి. పేస్టు ఎక్కువ పూస్తే గట్టిగా అంటుకుంటుందని కొత్త టెక్నీషియన్లు అనుకుంటారు. అది పక్కకు పారి రెండు ఎలక్ట్రోడ్లను కలిపేస్తుంది, ఆ రెండింటి మధ్య గీత చచ్చినట్టు తిన్నగా వస్తుంది, చదివేవాళ్లకు అక్కడ మెదడు మందగించిందేమోనని అనుమానం వస్తుంది. ఈసీజీ జెల్ వాడకండి, అరగంటలో ఆరిపోతుంది. నుదుటి మీది బొట్టు, విభూతి, పసుపు తుడిచాకే నుదుటి ఎలక్ట్రోడ్లు పెట్టాలి, అడిగి తుడవాలి.

కొలత విషయంలో రాజీ వద్దు. ఎలక్ట్రోడ్లను తలమీద ఎక్కడ పెట్టాలో కొలిచి చెప్పే 10-20 పద్ధతి 1958 నుంచి ఉన్నది, కొలత టేపు లేకుండా కంటి అంచనాతో పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముక్కు మొదలు గుంట నుంచి తల వెనక ఎముక బుడిపె దాకా నడినెత్తి మీదుగా కొలవండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. కింద వచ్చే ఎఫ్, సీ, టీ వంటి అక్షరాలు తలమీద ఎలక్ట్రోడ్ చోట్ల పేర్లు. 10 శాతం, అంటే 3.6 దగ్గర ఎఫ్‌పీజెడ్ గుర్తు. అక్కడి నుంచి 20 శాతం చొప్పున, అంటే 7.2 చొప్పున ఎఫ్‌జెడ్ 10.8 దగ్గర, సీజెడ్ 18 దగ్గర, పీజెడ్ 25.2 దగ్గర, ఓజెడ్ 32.4 దగ్గర. తర్వాత ఒక చెవి ముందు గుంట నుంచి రెండో చెవి ముందు గుంట దాకా సీజెడ్ మీదుగా: 10 శాతం దగ్గర టీ3, 30 దగ్గర సీ3, 70 దగ్గర సీ4, 90 దగ్గర టీ4. చివరగా తలచుట్టు: ఎఫ్‌పీజెడ్, టీ3, ఓజెడ్, టీ4 మీదుగా టేపు. 54 సెంటీమీటర్లు వస్తే ఎఫ్‌పీజెడ్‌కు రెండు పక్కలా 2.7 దగ్గర ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2, అక్కడి నుంచి 5.4 చొప్పున ఎడమవైపు ఎఫ్7, టీ3, టీ5, ఓ1. ఎఫ్3, పీ3 వంటివి మధ్యలో పడేవి. కొత్త మెషిన్లలో టీ3, టీ4లను టీ7, టీ8 అనీ, టీ5, టీ6లను పీ7, పీ8 అనీ చూపిస్తారు, చోటు అదే. చర్మం మీద స్కెచ్ పెన్సిలుతో గుర్తులు పెట్టాకే రుద్దడం మొదలుపెట్టాలి. ఎడమవైపు ఎలక్ట్రోడ్లు సెంటీమీటరు దగ్గర పడితే ఆ వైపు తరంగాలు పొట్టిగా వస్తాయి. రెండువైపులా తేడా కనబడగానే డాక్టరు ఎంఆర్ఐ రాస్తారు. టేపు లేని పాపానికి రోగి కట్టే జరిమానా అది.

మన కోస్తా ఉక్కలో ఇంకో ఇబ్బంది చెమట. నెత్తిమీద చెమట ఉప్పునీరు, అది గీతలను నెమ్మదిగా, రెండు మూడు సెకన్లకోసారి, పైకీ కిందికీ తేలుస్తుంది. మెదడు మందగతి తరంగమని పొరబడడానికి వీలున్న రూపం. ఫిల్టరు పెంచి దాచేయకండి. రోగి రావడానికి అరగంట ముందే ఏసీ 24 మీద పెట్టి గది చల్లబరచండి, దిండు మీద తువ్వాలు వేయండి. సీలింగ్ ఫ్యాను ఆపేయండి, గాలికి వైర్లు ఊగినా గీతలు ఊగుతాయి. వైర్లన్నీ కలిపి వదులుగా ఒక కట్టగా కట్టి తల వెనక నుంచి తీయండి.

సెట్టింగులు: లో ఫిల్టరు (అంతకంటే నెమ్మదైన తరంగాలను కోసేది) 0.5 లేదా 1 హెర్ట్జ్, హై ఫిల్టరు (అంతకంటే వేగమైనవాటిని కోసేది) 70, సెన్సిటివిటీ మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టులు, తెరకు 10 సెకన్లు, సాంప్లింగ్ రేటు సెకనుకు కనీసం 256. హై ఫిల్టరును 15కో 30కో దించి కండరాల గోల అణిచేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది చేయకండి. నోరు బిగించిన కండరం మొనలను ఆ ఫిల్టరు గుండ్రంగా చేసి మెదడు తరంగాల్లా మార్చేస్తుంది, నిజమైన స్పైకులను (మూర్ఛను సూచించే మొనదేలిన గీతలను) కూడా మొద్దు చేస్తుంది. దవడ వదులు చేయమని, నోరు కొద్దిగా తెరవమని చెబితే ఆ గోల పోతుంది. ఈసీజీ చానల్ ప్రతి రికార్డులోనూ ఉండాలి, లేకపోతే గుండె సంకేతం చెవి ఎలక్ట్రోడ్డులో పడి స్పైకుల్లా కనిపించినప్పుడు తేల్చడానికి ఆధారముండదు.

మెలకువలో బాగా వచ్చిన రికార్డు కనీసం 20 నిమిషాలుండాలి, నిద్ర కూడా పడితే 40 నిమిషాల నుంచి గంట. కళ్లు తెరవడం, మూయడం మొదట్లోనే రెండు మూడుసార్లు చేయించండి, వెనక తలలో ఆల్ఫా (కళ్లు మూసినప్పుడు వచ్చే లయ) రావడం, పోవడం అప్పుడే తెలుస్తుంది. రోగి ఏం చేసినా అప్పటికప్పుడు నోట్ రాయాలి: దగ్గాడు, ఆవులించాడు, కాలు కదిపాడు, నాలుక కదిపాడు. నాలుక కదిలినా ముందు తలలో మందగతి అలలు లేస్తాయని చాలామందికి తెలియదు. పసిపిల్లల్లో అన్నిటికంటే మోసం చేసేది తల్లి జోకొట్టడం. సెకనుకు రెండుసార్లు లయగా వీపు తడుతుంటే వచ్చే అలలు అచ్చం ఫిట్స్‌లాగే ఉంటాయి. ‘అమ్మ జోకొడుతోంది’ అని నోట్‌లో ఒక్క ముక్క ఉంటే ఒక పాప మందుల నుంచి తప్పించుకుంటుంది. కెమెరా ఉంటే ఇంకా మంచిది, వీడియో కలిసి రికార్డయ్యేటట్టు పెట్టండి.

గట్టిగా ఊపిరి పీల్చి వదలడం మూడు నిమిషాలు చేయించాలి. ఆబ్సెన్స్ ఫిట్స్ (కొన్ని సెకన్లపాటు చూపు నిలిచిపోయి స్పృహ తప్పేవి) ఉండి మందులు ఇంకా మొదలుపెట్టని పిల్లల్లో చాలామందికి ఈ మూడు నిమిషాల్లోనే సెకనుకు మూడు చొప్పున స్పైక్ వేవ్‌లు బయటపడతాయి. పిల్లలకు ‘గట్టిగా ఊపిరి తీయి’ అంటే అర్థం కాదు. జాతర్లో అమ్మే కాగితపు గాలిచక్రం ముందు పెట్టి ఊదించండి. గీతలు మారగానే పిల్లవాడికి ఒక మాట చెప్పి, తర్వాత అడగండి. గుర్తులేదంటే స్పృహ తప్పిందని తేలుతుంది. ఇటీవల పక్షవాతం వచ్చినవాళ్లకు, మెదడులో రక్తస్రావమైనవాళ్లకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బు బాగా ముదిరినవాళ్లకు ఇది చేయించకూడదు. ఇక్కడివాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వారసత్వ జబ్బు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన గ్రామాల నుంచి వచ్చేవాళ్లలో ఈ జబ్బు ఉంది. వాళ్లకు గట్టిగా ఊపిరి తీయిస్తే మెదడు రక్తనాళాలు బిగుసుకుని పక్షవాతం రావచ్చు. ఫారంలో ఈ ప్రశ్న తప్పకుండా ఉండాలి. తెలియదంటే, పరీక్ష చేయించే వరకూ ఆ మూడు నిమిషాలు వదిలేయండి, మిగతా రికార్డు తీయండి.

మిణుకు దీపం (కళ్ల ముందు మిణుకుమిణుకుమని వెలిగి ఆరే లైటు) ఊపిరి పరీక్ష అయ్యాక కనీసం మూడు నిమిషాలు ఆగి పెట్టండి. కళ్లకు 30 సెంటీమీటర్ల దూరం, గది వెలుతురు తగ్గించి, 1 నుంచి 30 హెర్ట్జ్ దాకా మెట్లుగా, ఒక్కో మెట్టుకు పది సెకన్లు. స్పైకులు విరగబడుతుంటే వెంటనే దీపం ఆపాలి. రుజువైపోయింది, ఇంకా కొనసాగిస్తే పెద్ద ఫిట్ తెప్పించినట్టే.

నిద్ర ఎందుకు అడుగుతామంటే, చాలా రకాల మూర్ఛల్లో స్పైకులు కునుకులోనూ తేలిక నిద్రలోనూ ఎక్కువ కనిపిస్తాయి. పెద్దవాళ్లను ముందు రాత్రి తక్కువ నిద్రపొమ్మంటాం. అలా చెప్పినప్పుడు బండి నడుపుకుంటూ రావద్దని, ఒకరిని తోడు తెచ్చుకోమని కూడా చెప్పాలి. తిండి మానొద్దు, ఆకలి వల్ల చక్కెర తగ్గినా గీతలు మందగిస్తాయి. ఫిట్స్ మాత్రలు డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఆపొద్దు. ‘పరీక్షకు పరగడుపున, మందు వేసుకోకుండా రావాలి’ అని రక్తపరీక్షల అలవాటు కొద్దీ రోగులు తామే అనుకుంటారు, తిండి మానొద్దు, మాత్రలు ఆపొద్దు అన్న రెండు మాటలూ చీటీ మీద ఉండాలి. చంటిపిల్లలైతే పాలు పట్టే వేళా నిద్రవేళా కలిసేటట్టు అపాయింట్‌మెంటు ఇవ్వండి, వైర్లు పెట్టాక పాలివ్వండి. నిద్రమందు సిరప్ డాక్టరు రాసి, బరువు చూసి, పల్స్ ఆక్సిమీటరు తగిలించి ఇవ్వాల్సిన మందు, టెక్నీషియన్ సొంతంగా ఇచ్చేది కాదు. డయాజిపామ్, మిడజోలామ్ రకం మందులతో నిద్రపుచ్చితే స్పైకులు అణిగిపోయి, వేగమైన తరంగాలతో తెర నిండిపోతుంది.

రికార్డు మధ్యలో ఫిట్ వస్తే కంగారులో వైర్లు పీకేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రికార్డు నడుస్తుండగానే రోగిని పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టనివ్వకండి. పేరు అడగండి, చెయ్యెత్తమనండి, ఏ వైపు ముందు కొట్టుకుందో గట్టిగా పైకి చెప్పండి, వీడియోలో మాట పడుతుంది. ఐదు నిమిషాలు దాటుతుంటే అప్పటికే డాక్టరు అక్కడ ఉండాలి, మందు ఎక్కాలి.

ఐసీయూ రోగుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరికి ఉద్దానం వైపు నుంచి కిడ్నీ రోగులు వస్తుంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మత్తుగా, తికమకగా ఉన్నప్పుడు ఈఈజీ రాస్తారు. యూరియా పెరిగినప్పుడు మూడు దశల తరంగాలు వస్తాయి. సెకనుకు రెండు చొప్పున, ముందు తలలో పెద్దవిగా, రెండువైపులా ఒకేలా. మొనదేలి ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు ఫిట్స్ అని రాసేస్తారు. గిచ్చినా పిలిచినా మారుతున్నాయా అని చూసి ఆ సమయం నోట్ చేయడం టెక్నీషియన్ వంతు, చదివే డాక్టరుకు అదే పెద్ద ఆధారం. అయితే మారినంత మాత్రాన ఫిట్స్ కావని తేలిపోదు. ఇంకో సంగతి, కిడ్నీలు పనిచేయని మనిషికి సెఫిపైమ్ అనే యాంటిబయాటిక్ ఇంజెక్షను మోతాదు తగ్గించకుండా ఇస్తే కొన్ని రోజులకు ఇలాంటి గీతలతోనే మత్తు వస్తుంది, ఒక్కోసారి బయటికి కనపడని ఫిట్స్ కూడా నడుస్తుంటాయి. కాబట్టి ఫారంలో యాంటిబయాటిక్ పేరు, క్రియాటినిన్, చివరి డయాలసిస్ ఎప్పుడైందో రాసి పంపండి. వెంటిలేటరు ఉంటే గొట్టంలో నీళ్లు చేరి గలగలమన్నా గీతల్లో లయ పడుతుంది, నీళ్లు తీయించి మళ్లీ చూడండి. హెపటైటిస్ బి, సి ఉన్న డయాలసిస్ రోగులకు వాడి పారేసే ఎలక్ట్రోడ్లే వాడండి, చర్మం రుద్దుతున్నాం కదా.

చదివే డాక్టరుకు ఏం పంపుతున్నారో కూడా సరిచూసుకోండి. పీడీఎఫ్ పేజీలు, రంగుల బ్రెయిన్ మ్యాపింగ్ బొమ్మలు పంపితే ఆయన చేతులు కట్టేసినట్టే. మోంటాజ్ (ఏ ఎలక్ట్రోడ్డును దేనితో పోల్చాలో చెప్పే అమరిక) మార్చి, ఫిల్టరు మార్చి చూడాలంటే అసలు ఫైలు కావాలి. మెషిన్ సాఫ్ట్‌వేరు ఈడీఎఫ్ (వేరే సాఫ్ట్‌వేరులోనూ తెరుచుకునే ఫైలు) రూపంలో ఎగుమతి చేస్తుంది, అది పంపండి. దానితోపాటు ఒక పేజీ వివరం: వయసు, ఫిట్ ఎలా మొదలైంది, ఎంతసేపు, చివరి ఫిట్ ఎప్పుడు, వేసుకుంటున్న మాత్రలు, ఆ రోజు ఎంతసేపు నిద్రపోయారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలైతే ఒక ప్రశ్న తప్పనిసరి: పొద్దున్నే లేవగానే చేతులు ఉలిక్కిపడి గ్లాసో పళ్ల బ్రష్షో జారిపోతోందా? అవునంటే అది జువెనైల్ మయోక్లోనిక్ మూర్ఛ కావచ్చు, కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందుతో అది ముదురుతుంది. ఆ పిల్లలకు నిద్రలేచాక కూడా పది పదిహేను నిమిషాలు రికార్డు కొనసాగించండి, స్పైకులు ఎక్కువ దొరికేది అప్పుడే. అమ్మోరు పూనిందనో గాలి సోకిందనో ఇంట్లోవాళ్లు చెబితే కొట్టిపారేయకుండా ఆ సమయంలో ఏం జరిగిందో అడిగి రాయండి, ఫోనులో వీడియో ఉంటే దాన్నీ పంపండి. మామూలు ఈఈజీ చెప్పలేనిది ఆ వీడియో చెప్పొచ్చు.

ఎవరికి తీయకూడదో కూడా మీ డాక్టర్లు అనుకోవాలి. ఒట్టి తలనొప్పికి, ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయిన మనిషికి ఈఈజీ అక్కరలేదు. జబ్బు లేనివాళ్లలోనూ కొందరికి స్పైకుల్లా కనిపించే గీతలుంటాయి, పెద్దల్లో అరశాతం మందికి, పిల్లల్లో ఇంకొంచెం ఎక్కువ మందికి నిజమైన స్పైకులే ఉంటాయి. ఊరికే వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, దాంతో ఏళ్ల తరబడి మాత్రలు, పెళ్లి సంబంధాల దగ్గర ఇబ్బంది. మరోవైపు, మూర్ఛ ఉన్నవాళ్లలో మొదటి రికార్డులో స్పైకులు దొరికేది సుమారు సగం మందికే. నార్మల్ రిపోర్టు చూసి మాత్రలు ఆపేసే వాళ్లుంటారు. ‘ఈ రిపోర్టు నార్మల్ అయినా మూర్ఛ లేదని కాదు’ అని కింద ఒక వాక్యం తెలుగులో ఉంచండి.

కొనాల్సినవి ఇవి: రెండు సెట్ల ఎలక్ట్రోడ్లు, ఒకే లోహానివి, ఒకే కంపెనీవి. బంగారు పూతవి, వెండివి కలిపి పెడితే వాటి మధ్యే వోల్టేజి పుట్టి గీతలు జారిపోతుంటాయి. వాడిన వెంటనే గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తటి పళ్ల బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, ఆ మోడలుకు చెప్పిన మందుతో శుద్ధి చేయాలి. పేస్టు ఎండిపోనిచ్చి చాకుతో గీకితే పూత పోతుంది, పూత పోయిన కప్పు ఆ రోజు నుంచి టప్ టప్‌మని గీతలు ఎగరేస్తుంది. వైరు కప్పు మెడ దగ్గరే తెగుతుంది, పైకి కనపడదు. వారానికోసారి మల్టీమీటరు కంటిన్యూటీ మీద పెట్టి, వైరు మెడ దగ్గర వంచుతూ చూడండి, బీప్ ఆగిందంటే ఆ వైరు చెత్తబుట్టకే. వైరు పట్టుకుని లాగి తీయకుండా, కప్పు పట్టుకుని తీయడం నేర్పండి. హెడ్‌బాక్సును రాత్రిపూట సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టే డబ్బాలో ఉంచండి, పొట్లాలు రంగు మారితే మార్చండి. టెక్నీషియన్‌ను నెల రోజులు ఏదైనా పెద్ద ఆసుపత్రి ఈఈజీ ల్యాబులో కూర్చోబెట్టండి, ఆ నెల జీతం మీరే ఇవ్వండి. ఈలోగా మొదట ఉప్పునీళ్ల పరీక్ష చేసి, సాకెట్ చూపించి, తర్వాత తీసే ఐదు రికార్డుల్లో ప్రతి ఎలక్ట్రోడ్డు ఇంపీడెన్సు మొదట్లోనూ చివర్లోనూ కాగితం మీద రాయించండి. చివర్లో అంకెలు పెరిగిపోతుంటే పేస్టో చెమటో చూడాలి, మొదట్లోనే ఎక్కువగా ఉంటే రుద్దడం చాలడం లేదు. అన్నీ 5 లోపే ఉండి ఇంకా హోరు వస్తుంటే ఎలక్ట్రీషియన్‌నే మళ్లీ పిలవండి.